కొత్త సైకెడెలిక్, ఇండీ పాప్ దొరికేదెక్కడ? స్పాటిఫై, రేడియో, బ్యాండ్‌క్యాంప్: ఏది మేలు?

2024 మార్చి చివర్లో సిండీ లీ పేరుతో ‘డైమండ్ జూబిలీ’ అనే ఆల్బమ్ వచ్చింది. 32 పాటలు, రెండు గంటల పైచిలుకు నిడివి. కెనడాలోని కాల్గరీలో ఒకప్పుడు విమెన్ అనే బ్యాండ్‌లో పాడి, గిటార్ వాయించిన ప్యాట్రిక్ ఫ్లీగెల్ చేసిన ఆల్బమ్ అది. అరవైల నాటి పాప్ బాణీలు, దుమ్ము పట్టిన టేపులోంచి వినిపిస్తున్నట్టుండే గిటార్. ఆ ఏడాది ఇండీ సంగీతం (పెద్ద కంపెనీల అండ లేకుండా వచ్చేది) వినేవాళ్లు విపరీతంగా చెప్పుకున్న ఆల్బముల్లో అదొకటి. కానీ విడుదలైన రోజున ఏ స్ట్రీమింగ్ యాప్‌లోనూ లేదు. యూట్యూబ్‌లో మొత్తం ఒకే వీడియోగా, తొంభైల నాటి జియోసిటీస్ సైట్ల పేజీలా కనిపించే ఒక వెబ్ పేజీలో వేవ్ ఫైళ్లుగా (కుదించని ఆడియో) దొరికిందంతే. మరుసటి ఏడాది జులైలో మెల్‌బోర్న్ సైకెడెలిక్ (కలలో తేలుతున్నట్టుండే సంగీతం) బ్యాండ్ కింగ్ గిజర్డ్ అండ్ ద లిజర్డ్ విజర్డ్ కూడా తన ఆల్బముల్ని స్పాటిఫై నుంచి తీసేసింది.

కాబట్టి ఎక్కడ వెతుకుతున్నారన్న దాన్ని బట్టే ఏం దొరుకుతుందన్నది ఉంటుంది. మన చేతిలో ముఖ్యంగా మూడు దారులున్నాయి: స్పాటిఫై లాంటి యాప్ ఇచ్చే జాబితాలు, మనుషులు నడిపే రేడియో, కళాకారులు తమ సంగీతాన్ని నేరుగా అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్ సైటు. మూడింటికీ సమానమైన మార్కులు వేయడం కుదరదు. పెద్దగా పేరు లేని బ్యాండ్ల కోసమైతే బ్యాండ్‌క్యాంప్‌దే పైచేయి, దాని తర్వాత రేడియో. స్పాటిఫై పని వేరే.

స్పాటిఫై ఎందుకు వెనకబడుతుంది?

కొత్త పాటలు సూచించే స్పాటిఫై జాబితా ‘డిస్కవర్ వీక్లీ’ 2015లో మొదలైంది. ప్రతి సోమవారం 30 పాటలు ఇస్తుంది. దాని లెక్కలో పెద్ద భాగం ఇదీ: మీరు విన్న పాట ఇతరుల ప్లేలిస్టుల్లో ఏ పాటల పక్కన ఉందో చూస్తుంది, వాటిలో మీరు విననిదాన్ని మీ ముందు పెడుతుంది. అంటే ఆ పాటను అప్పటికే చాలామంది తమ ప్లేలిస్టుల్లో పెట్టుకుని ఉండాలి. నెలకు నలభై మంది వినే బ్యాండ్‌కు అలాంటి ఇరుగుపొరుగు ఉండదు. అందుకే బాగా పేరున్న టేమ్ ఇంపాలాతో మొదలుపెడితే అలాగే పేరున్న క్రుంగ్‌బిన్, మ్యాక్ డిమార్కో దాకా వెళ్లి, గానుగెద్దులా మళ్లీ అక్కడికే వస్తుంది. తప్పు మీ అభిరుచిది కాదు, లెక్క స్వభావమే అంత.

దీనికి తోడు డబ్బు సంగతి ఒకటుంది. ‘డిస్కవరీ మోడ్’ అనే ఏర్పాటులో లేబుళ్లు (ఆల్బములు విడుదల చేసే సంస్థలు), కళాకారులు తాము ఎంచుకున్న పాటలను రేడియో, ఆటోప్లే లాంటి చోట్ల ముందుకు తెప్పించుకోవచ్చు. బదులుగా అక్కడ వచ్చే రికార్డింగ్ రాయల్టీలో 30 శాతం వదులుకోవాలి. కాబట్టి ఒక పాట మీ దాకా వచ్చిందంటే కారణం మీ ఇష్టం ఒక్కటే అనుకోలేం. 2024 నుంచి అమల్లోకి వచ్చిన నియమం ప్రకారం ఏడాదిలో 1000 స్ట్రీములు దాటని పాటకు రాయల్టీ అసలే రాదు. మనం వెతుకుతున్న సంగీతంలో చాలా భాగం ఆ గీతకు దిగువనే ఉంటుంది.

ఇక 2025 జూన్, జులై నెలల్లో ద వెల్వెట్ సన్‌డౌన్ అనే సైకెడెలిక్ రాక్ ‘బ్యాండ్’కు స్పాటిఫైలో నెలకు పది లక్షల మందికి పైగా శ్రోతలు పోగయ్యారు. చివరికి అది ఏఐతో తయారైన సంగీతమని ఆ పేజీలోనే రాసుకోవాల్సి వచ్చింది. సైకెడెలిక్ ధ్వనిని పైపైన అనుకరించడం తేలిక: కొంచెం ఫేజర్ (ధ్వని సుడి తిరిగినట్టు చేసే ఎఫెక్ట్), బోలెడు రివర్బ్ (ప్రతిధ్వని), మసక గొంతు చాలు. కొత్త పేరు కనిపించినప్పుడు ఆ బ్యాండ్ ఎక్కడైనా కచేరీ చేసిందా, లేబుల్ ఏది, రికార్డ్ చేసినవాళ్ల పేర్లు ఉన్నాయా అని చూడటం ఇప్పుడు తప్పనిసరి. బ్యాండ్‌క్యాంప్ మాత్రం 2026 జనవరిలో, పూర్తిగానో చాలావరకో ఏఐతో చేసిన సంగీతాన్ని తన దగ్గర పెట్టకూడదని ప్రకటించింది.

అలాగని స్పాటిఫై పనికిరాదని కాదు. అందులో మనుషుల జాడ ఉన్న చోటు ఒకటుంది. నచ్చిన చిన్న బ్యాండ్ పేజీలో కిందికి వెళ్తే, శ్రోతలు ఆ బ్యాండ్‌ను ఏ ప్లేలిస్టుల ద్వారా కనుక్కున్నారో చూపించే వరుస ఉంటుంది. కంపెనీ తయారుచేసిన జాబితాలను వదిలేసి, మామూలు మనిషి పేరుతో ఉన్నవి తెరవండి. నలభై, యాభై పాటలున్న జాబితా మేలు. వెయ్యి పాటలుంటే అది ఎంపిక కాదు, గోదాము. బ్యాండ్‌ను ఫాలో అయితే శుక్రవారం వచ్చే ‘రిలీజ్ రాడార్’లో దాని కొత్త పాట కనబడుతుంది. తెలిసినవాళ్ల మీద కన్నేసి ఉంచడానికి ఇంతకంటే సులువైన దారి లేదు.

జాబితా చెడిపోవడానికి మామూలు కారణం ఇంట్లో అందరూ ఒకే ఖాతా వాడటం. పిల్లల రైమ్స్, నిద్ర కోసం పెట్టే వాన చప్పుడు, పూజ పాటలు అన్నీ ఒకే లెక్కలో పడతాయి. అలాంటి ప్లేలిస్టు మెనూలో ‘టేస్ట్ ప్రొఫైల్’ నుంచి మినహాయించే వీలుంది, లేదా వాటిని వినేటప్పుడు ప్రైవేట్ సెషన్ పెట్టుకోండి. సోమవారం జాబితా వారానికే మాయమవుతుంది కాబట్టి నచ్చిన పాటను అదే రోజు వేరే ప్లేలిస్టులో వేసుకోవాలి.

రేడియో: వినేది పాట, రాసుకోవాల్సింది లేబుల్

సియాటిల్‌లోని కేఈఎక్స్‌పీ 90.3, న్యూజెర్సీలోని జెర్సీ సిటీ నుంచి వచ్చే డబ్ల్యూఎఫ్ఎంయూ 91.1, 2011లో లండన్‌లో మొదలైన ఎన్‌టీఎస్: ఈ మూడూ ఇంటర్నెట్‌లో ఉచితం. డబ్ల్యూఎఫ్ఎంయూ శ్రోతల విరాళాలతో నడుస్తుంది, ప్రకటనలుండవు, ఏ పాట వేయాలన్నది పూర్తిగా డీజే ఇష్టం. ఒక షోలో అరవైల నాటి బ్రెజిల్ సైకెడెలియా పక్కనే నిన్న గదిలో రికార్డ్ చేసిన క్యాసెట్ పాట వస్తుంది. ఈ పక్కపక్కన పెట్టడం లెక్కతో రాదు, చెవితో వస్తుంది.

సియాటిల్‌లో ఉదయం ఏడు అంటే మనకు వేసవిలో రాత్రి ఏడున్నర, చలికాలంలో ఎనిమిదిన్నర. అయినా లైవ్‌లోనే వినాలని లేదు. కేఈఎక్స్‌పీ షోలు రెండు వారాల పాటు ఉంటాయి, డబ్ల్యూఎఫ్ఎంయూ భాండాగారంలో ఏళ్ల కొద్దీ షోలు పాటల జాబితాతో సహా ఉన్నాయి. 128 కేబీపీఎస్ (సెకనుకు వచ్చే డేటా కొలత) దగ్గర గంటకు సుమారు 58 ఎంబీ డేటా అవుతుంది, రెండు గంటల షో అంటే 115 ఎంబీ.

ఆ జాబితాలో ఒక్కో పాటకు కళాకారుడు, పాట, ఆల్బమ్, చాలాసార్లు లేబుల్ కూడా ఉంటాయి. అందరూ పాట పేరు రాసుకుంటారు, అక్కడే పొరపాటు. పాట ఒక్కటే, లేబుల్ వెనక నలభై ఆల్బములుంటాయి. చిన్న లేబుల్‌ను నడిపేది సాధారణంగా ఒకరిద్దరే, సొంత డబ్బుతో. కాబట్టి వాళ్లకు గట్టిగా నచ్చనిది బయటికి రాదు. బ్రిస్టల్‌లో 1987లో మొదలైన సారా రికార్డ్స్‌ను ఇద్దరే నడిపారు. ఇండీ పాప్‌కు ఒక గొంతు ఇచ్చి, వందో విడుదలతో 1995లో కావాలనే మూసేశారు. 1989 నుంచి ఉన్న స్లంబర్‌ల్యాండ్‌లో గలగల మోగే గిటార్ పాప్, చికాగోలోని ట్రబుల్ ఇన్ మైండ్‌లో వింత పోకడల పాప్, కికగాకు మోయో బ్యాండ్ సభ్యులు పెట్టిన గురుగురు బ్రెయిన్‌లో ఆసియా సైకెడెలియా దొరుకుతాయి. రెండు వేర్వేరు డీజేల జాబితాల్లో ఒకే లేబుల్ పేరు కనబడిందంటే దాన్ని తవ్వాల్సిందే.

రేడియోతో ఇబ్బంది సమయమే. రెండు గంటల్లో పాతిక, ముప్ఫై పాటలు వస్తే మీకు పట్టేవి మూడో నాలుగో. తీరిక లేకపోతే ముందు జాబితా మాత్రం చదివి, తెలియని పేర్లు ఐదింటిని ఎంచుకుని అవే వినండి.

బ్యాండ్‌క్యాంప్: కవర్ కింద చిన్న బొమ్మలు

2008లో మొదలైన బ్యాండ్‌క్యాంప్‌లో అసలు సంపద సెర్చ్ పెట్టెలో లేదు. ఏ ఆల్బమ్ పేజీ అయినా తెరవండి. కవర్ దగ్గర దాన్ని కొన్నవాళ్ల చిన్న చదరపు బొమ్మలు వరుసగా కనిపిస్తాయి. కొందరు తమకు నచ్చిన పాట పేరు చెప్పి ఒక వాక్యం కూడా రాస్తారు. బొమ్మ నొక్కితే ఆ మనిషి డబ్బు పెట్టి కొనుక్కున్న ఆల్బములన్నీ వరుసగా తెరుచుకుంటాయి. విన్నది కాదు, కొన్నది. తేడా అంతా అక్కడుంది.

దీన్ని వాడే పద్ధతి ఇలా. మీకు బాగా నచ్చిన ఆల్బమ్, కానీ ముప్ఫై నుంచి రెండొందల మంది మాత్రమే కొన్నది తీసుకోండి. వేల మంది కొన్న ఆల్బమ్‌తో మొదలుపెడితే వాళ్ల అభిరుచులు నలుదిక్కులా ఉంటాయి. ఆ బొమ్మల్లో ఒక్కొక్కటీ తెరిచి, మీకు ఇష్టమైన ఆల్బములు మరో రెండైనా ఉన్న మనిషి కోసం చూడండి. ఐదారుగురిని తిరగేస్తే ఒకరు దొరుకుతారు. అతని దగ్గర వందా ఆరొందలా మధ్య ఆల్బములుంటే మంచిది. పదివేలుంటే కనబడ్డదల్లా కొనేవాడన్నమాట, దారి చూపలేడు. అతని తాజా కొనుగోళ్లు ఓ ఇరవై చూసి, ప్రతిదానిలో మొదటి పాట కాకుండా మూడో పాట ఒక నిమిషం వినండి. మొదటి పాటను అందరూ మెరుగుపెట్టి పెడతారు. నచ్చినవి విష్‌లిస్టులో వేసి, ఆ మనిషిని, లేబుల్‌ను ఫాలో అవ్వండి. ఇలాంటివాళ్లు ఐదుగురు చేతికొస్తే ఏడాదికి సరిపడా సంగీతం ఉన్నట్టే.

ట్యాగులతో జాగ్రత్త. అవి బ్యాండ్ తనకు తాను తగిలించుకునేవి. ‘సైకెడెలిక్’ అని ఎవరైనా రాసుకోవచ్చు. పైగా సైక్, సైకెడెలిక్, నియో సైకెడెలియా మూడూ వేర్వేరు ట్యాగులు, ఒకదానిలో ఉన్నది మరోదానిలో ఉండకపోవచ్చు. ఊరి పేరు అంతకంటే నమ్మదగ్గది: పెర్త్, ఓక్లాండ్, గ్లాస్గో, మెల్‌బోర్న్. ఒక ఊళ్లో ఒక బ్యాండ్ నచ్చిందంటే అదే డ్రమ్మర్ ఇంకో రెండు బ్యాండ్లలో ఉండటం చాలా మామూలు. మన వైపు పీటర్ క్యాట్ రికార్డింగ్ కంపెనీ నచ్చినవాళ్లు ఢిల్లీ నుంచి, పరేఖ్ అండ్ సింగ్ నచ్చినవాళ్లు కోల్‌కతా నుంచి మొదలుపెట్టొచ్చు. చెన్నై, హైదరాబాద్ కూడా చూడండి. ఊరి ట్యాగులో అన్ని రకాల సంగీతమూ కలిసి వస్తుంది కాబట్టి కాస్త ఓపిక కావాలి.

ఇంకో సంగతి. బ్యాండ్‌క్యాంప్ పేజీలో ఉచితంగా వినిపించేది 128 కేబీపీఎస్ ఎంపీ3. ఈ సంగీతంలో ప్రాణమంతా డ్రమ్స్ పక్కనుండే సింబల్స్ (లోహపు తాళాలు) మెరుపులో, రివర్బ్ మెల్లగా ఆరిపోవడంలో ఉంటుంది. ఫైల్ కుదించినప్పుడు ముందు దెబ్బతినేవి అవే. మోత గజిబిజిగా ఉందని బ్యాండ్‌ను కొట్టిపారేయకండి. కొన్నాక ఫ్లాక్‌లో (నాణ్యత పోకుండా కుదించిన ఫైల్) దించుకుంటే నలభై నిమిషాల ఆల్బమ్ సుమారు 250 ఎంబీ, ఎంపీ3 వీ0లో (మంచి నాణ్యత ఉన్న ఎంపీ3) 70 ఎంబీ పైన ఉంటుంది. ఫోన్‌లో వినడానికి వీ0 చాలు, హార్డ్ డిస్కులో దాచుకోవడానికి ఫ్లాక్. దాచుకోవడం మాత్రం మరవద్దు: ఈ సంస్థను 2022లో ఎపిక్ గేమ్స్ కొంది, 2023లో సాంగ్‌ట్రేడర్‌కు అమ్మేసింది. యజమాని మారినా మీ డిస్కులో ఉన్నది మీదే.

డబ్బు కట్టేటప్పుడు మనవాళ్లకు తగిలే అడ్డంకి కార్డు. రిజర్వ్ బ్యాంక్ నియమం వల్ల 2020 అక్టోబర్ నుంచి కొత్త కార్డులు దేశంలోని వాడకానికే తెరిచి ఉంటాయి. బ్యాంకు యాప్‌లో కార్డు సెట్టింగులకు వెళ్లి అంతర్జాతీయ ఆన్‌లైన్ చెల్లింపులు ఆన్ చేసి, పరిమితిని రెండు మూడు వేల రూపాయలకు పెట్టుకోండి. పనయ్యాక ఆపేయండి. చాలా కార్డులు విదేశీ చెల్లింపు మీద 2 నుంచి 3.5 శాతం, దాని మీద జీఎస్టీ వేస్తాయి. డిజిటల్ ఆల్బమ్ మీద బ్యాండ్‌క్యాంప్ వాటా 15 శాతం. అంటే 7 డాలర్ల ఆల్బమ్‌లో 1.05 డాలర్లు దానికి, చెల్లింపు ఖర్చులు పోను మిగతాది కళాకారుడికి లేదా లేబుల్‌కి. వినైల్ మోజు ఉన్నా ముందు డిజిటలే కొనండి. విదేశం నుంచి తెప్పించే ఒక్క రికార్డుకు పోస్టేజీ రికార్డు ధరతో పోటీ పడుతుంది.

ఈ మూడింటి పక్కన, శ్రోతలు ఆల్బములకు మార్కులు వేసే ‘రేట్ యువర్ మ్యూజిక్’ సైటును నిఘంటువులా ఉంచుకోవచ్చు. జాంగిల్ పాప్, హిప్నగాజిక్ పాప్, నియో సైకెడెలియా అంటూ రకాలను సన్నగా విడదీస్తుంది. చార్టులో రకం, ఏడాది ఎంచుకుని, ‘టాప్’ బదులు ‘ఎసొటెరిక్’ పెడితే జనం తక్కువగా విన్నవి పైకొస్తాయి.

వారానికి అరగంటే ఉంటే బ్యాండ్‌క్యాంప్‌లో ఒక్క మనిషి కొనుగోళ్లు చూడండి చాలు. రెండు గంటలుంటే రేడియో షో ఒకటి విని, అందులో పట్టిన లేబుల్‌ను బ్యాండ్‌క్యాంప్‌లో వెతకండి. ఈ జంటకు మించింది లేదు. పైసా ఖర్చు పెట్టలేని పరిస్థితైతే రేడియో, దానితో పాటు బ్యాండ్‌క్యాంప్‌లో ‘నచ్చినంత ఇవ్వండి’ అని పెట్టిన ఆల్బములు. అక్కడ సున్నా అని కొట్టినా ఫైల్ వస్తుంది. ఇవేవీ కుదరక ప్రయాణంలోనే వినేవాళ్లకైతే స్పాటిఫైలో మామూలు శ్రోతల ప్లేలిస్టులు.

కొనాలనుకున్నవి విష్‌లిస్టులో పోగేసి ‘బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడే’ నాడు కొనండి. 2020 మార్చిలో మొదలైన ఈ ఏర్పాటులో ఆ రోజు సంస్థ తన వాటా తీసుకోదు. ప్రతి నెలా ఉండదు, ఏ శుక్రవారాలన్నది ముందే ప్రకటిస్తారు. అమెరికా పసిఫిక్ సమయం లెక్క కాబట్టి మనకు వేసవిలో శుక్రవారం మధ్యాహ్నం పన్నెండున్నరకు, చలికాలంలో ఒకటిన్నరకు మొదలై శనివారం అదే వేళకు ముగుస్తుంది. శుక్రవారం పొద్దున్నే కొంటే లెక్కలోకి రాదు.