మళ్లీ బెయిల్ పిటిషనా, అప్పీలే త్వరగా వినమని అడగడమా?

శిక్ష పడి జైల్లో ఉన్న మనిషి అప్పీలు హైకోర్టులో పెండింగ్‌లో ఉంది. బెయిల్ పిటిషన్ ఒకసారి కొట్టేశారు. ఇంట్లోవాళ్ల ముందు ఇక రెండు దారులు.

ఒకటి, శిక్ష నిలిపివేసి బెయిల్ ఇమ్మని మళ్లీ అడగడం. క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీలో ఇది 389వ సెక్షన్. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 430. రెండోసారి వేయకూడదని చట్టంలో లేదు. కానీ పాత వాదనే తిప్పి రాస్తే లాభం లేదు, పరిస్థితి మారిందని చూపాలి. జైలు నుంచి తెచ్చిన కస్టడీ సర్టిఫికెట్‌లో ఇన్నేళ్లు, ఇన్ని నెలలు, ఇన్ని రోజులు అని ఉండే ఆ ఒక్క లైనే చాలాసార్లు అసలు బలం. అప్పీలు సకాలంలో వినలేనప్పుడు మనిషిని లోపలే ఉంచడం అన్యాయమని సుప్రీంకోర్టు 1977లోనే కశ్మీరా సింగ్ కేసులో చెప్పింది. ముందు పిటిషన్ కొట్టేసిన సంగతి మాత్రం దాచకండి. దాస్తే ఉన్న నమ్మకమూ పోతుంది.

రెండోది, అప్పీలునే త్వరగా వినమనడం. సాక్ష్యాలు బలహీనంగా ఉంటే నాకు ఇదే మేలనిపిస్తుంది, గెలిస్తే నిర్దోషిగా బయటికొస్తారు. కానీ పేపర్ బుక్, అంటే కేసు రికార్డులన్నీ కలిపిన పుస్తకం, సిద్ధం కాకపోతే ఇది కదలదు. శిక్షే చిన్నదైతే, అప్పీలు విచారణకు వచ్చేసరికి అది కాస్తా పూర్తయిపోవచ్చు. అలాంటప్పుడు మొదటి దారి వదలకూడదు.