డిస్క్ క్లీనప్, స్టోరేజ్ సెన్స్: ఏళ్ల వాడకం తర్వాత

విండోస్ కంప్యూటర్‌లో టెంపరరీ ఫైళ్లు (ప్రోగ్రామ్‌లు తాత్కాలికంగా రాసుకుని వదిలేసేవి) తీసేయడానికి బయటి నుంచి ఏ సాఫ్ట్‌వేరూ తెచ్చుకోనక్కర్లేదు. విండోస్‌తో పాటే వచ్చే డిస్క్ క్లీనప్ (మనం టిక్ పెట్టినవి తీసే సాధనం), స్టోరేజ్ సెన్స్ (సెట్టింగ్స్‌లో ఉండి తనంతట తానే శుభ్రం చేసేది) సరిపోతాయి. మొదటిదాన్ని విండోస్ 7 కాలం నుంచీ, రెండోదాన్ని 2017లో విండోస్ 10లోకి వచ్చినప్పటి నుంచీ వాడుతున్నాను. రెండూ నమ్మదగినవే. చిక్కల్లా వాటి జాబితాల్లోనే ఉంది. తీసేసినా వాటంతటవే మళ్లీ పుట్టే ఫైళ్లూ, ఒకసారి పోతే ఇక రానివీ ఒకే వరుసలో, ఒకేలాంటి టిక్ పెట్టెలతో కనిపిస్తాయి.

ఏం తీసే ముందైనా కంప్యూటర్‌ని రీస్టార్ట్ చేయాలి. షట్‌డౌన్ కాదు, రీస్టార్టే. వాడుకలో ఉన్న ఫైలును అప్పటికప్పుడు మార్చడం కుదరదు కాబట్టి కొన్ని ఇన్‌స్టాలర్లు కొత్త ఫైలును టెంప్ ఫోల్డర్‌లో (టెంపరరీ ఫైళ్లు చేరే చోటు) ఉంచి, తర్వాతి బూట్‌లో (కంప్యూటర్ మళ్లీ మొదలయ్యేటప్పుడు) దాన్ని అసలు చోటికి చేర్చే పని విండోస్‌కు అప్పజెప్తాయి. ఈలోగా టెంప్ ఖాళీ చేస్తే ఆ ఇన్‌స్టలేషన్ సగంలో పాడవుతుంది. ఫాస్ట్ స్టార్టప్ (త్వరగా తెరుచుకోవడానికి సిస్టమ్ స్థితిని డిస్క్‌లో దాచే సెట్టింగ్) ఆన్‌లో ఉన్న కంప్యూటర్‌ని షట్‌డౌన్ చేసి తెరిస్తే అది పూర్తి బూట్ కాదు, అందుకే రీస్టార్ట్ అని పట్టుబట్టడం.

డిస్క్ క్లీనప్ తెరిచి సీ డ్రైవ్ ఎంచుకున్నాక చాలామంది మొదటి తెరలోనే టిక్‌లు పెట్టి ఓకే కొట్టేస్తారు. కింద ‘క్లీనప్ సిస్టమ్ ఫైల్స్’ అనే బటన్ ఉంటుంది. అది నొక్కితేనే పాత అప్‌డేట్ల మిగులు, పాత విండోస్ కాపీ వంటి పెద్ద పద్దులు బయటపడతాయి. ‘టెంపరరీ ఫైల్స్’ పద్దు వారం రోజులుగా మారని ఫైళ్లనే తీస్తుంది. నిన్న మొన్నటివి మిగిలిపోయాయంటే అది లోపం కాదు, కావాలని పెట్టిన జాగ్రత్త. ఈ సాధనంలో నాకు బాగా నచ్చేది ఇదే.

థంబ్‌నెయిల్స్ (ఫొటోల చిన్న నమూనా బొమ్మలు) తీస్తే ఫొటోల ఫోల్డర్ మొదటిసారి తెరిచినప్పుడు కాస్త నిదానిస్తుంది, అంతే. డైరెక్ట్ఎక్స్ షేడర్ క్యాష్ (గేముల బొమ్మలు త్వరగా గీయడానికి దాచిన డేటా) తీస్తే గేములు మొదట్లో కొద్దిసేపు తడబడతాయి. డెలివరీ ఆప్టిమైజేషన్ ఫైళ్లకు (అప్‌డేట్లను ఇతర కంప్యూటర్లతో పంచుకోవడానికి దాచినవి) ఏ ఆలోచనా అక్కర్లేదు. ‘విండోస్ అప్‌డేట్ క్లీనప్’ చాలాసేపు పట్టొచ్చు, రీస్టార్ట్‌లో కూడా సాగొచ్చు, మధ్యలో కరెంటు తీయకూడదు.

ఇక ఆగి చూడాల్సినవి. ‘ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్స్’ అంటే విండోస్ డాట్ ఓల్డ్ ఫోల్డర్. పెద్ద అప్‌గ్రేడ్ తర్వాత వెనక్కి వెళ్లే దారి అదే, మామూలుగా 10 రోజులకు విండోసే దాన్ని తీసేస్తుంది. డ్రైవ్ ఫార్మాట్ చేయకుండా విండోస్ మళ్లీ వేసినప్పుడు పాత డాక్యుమెంట్లు, ఫొటోలు కూడా అందులోనే చిక్కుకుని ఉండొచ్చు. లోపలి యూజర్స్ ఫోల్డర్ వెతకకుండా తీయొద్దు. ‘విండోస్ ఈఎస్‌డీ ఇన్‌స్టలేషన్ ఫైల్స్’ అని కనిపిస్తే వదిలేయండి, కంప్యూటర్‌ని రీసెట్ చేయడానికి అవి కావాలి. ‘మోర్ ఆప్షన్స్’లో రిస్టోర్ పాయింట్ల (సిస్టమ్‌ని పాత స్థితికి తిప్పడానికి దాచిన నకళ్లు) దగ్గర క్లీనప్ నొక్కితే చివరిది ఒక్కటే మిగులుతుంది.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసింది డౌన్‌లోడ్స్ పద్దు. విండోస్ 10లో 1809 వెర్షన్ దాన్ని డిస్క్ క్లీనప్ జాబితాలో చేర్చింది, 2020లో వచ్చిన 2004 వెర్షన్‌లో తీసేశారు (1809, 2004 అన్నవి వెర్షన్ నంబర్లు, ఏళ్లు కావు). సెట్టింగ్స్‌లోని టెంపరరీ ఫైల్స్ పేజీలో మాత్రం విండోస్ 11లోనూ ఉంది. టిక్ లేకుండానే వస్తుంది, ‘అన్నీ తీసేద్దాం’ అనుకునేవారే పెట్టేస్తారు. మనం దాచుకున్నవి ఉండే ఫోల్డర్‌ని టెంపరరీ పేరు కింద చూపడం తప్పని నా గట్టి అభిప్రాయం.

చేత్తో శుభ్రం చేయాలంటే రన్ పెట్టెలో (విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కితే వస్తుంది) ‘%టెంప్%’ అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి ఎంటర్ నొక్కాలి. ఫోల్డర్ లోపలివన్నీ ఎంచుకుని షిఫ్ట్‌తో డిలీట్ నొక్కండి. షిఫ్ట్ లేకపోతే అవి రీసైకిల్ బిన్‌లోకి వెళ్తాయి, జాగా ఖాళీ కాదు. ‘ఫైల్ ఇన్ యూజ్’ అని వస్తే స్కిప్ కొట్టండి. ఏదో ప్రోగ్రామ్ దాన్ని తెరిచి ఉంచిందని అర్థం, బలవంతంగా తీసే సాధనాల జోలికి పోవద్దు. టెంప్ ఫోల్డర్‌ని మాత్రం తీయకూడదు, అది లేకపోతే ఇన్‌స్టాలర్లు ఎర్రర్ చూపుతాయి. ఇంకో ప్రమాదం ఉంది. జిప్ ఫైలు లోంచి నేరుగా తెరిచిన డాక్యుమెంటు నిజానికి టెంప్‌లోకి తీసిన కాపీ. అందులో మార్పులు చేసి సేవ్ కొట్టినా అవి ఉండేది అక్కడే. ఖాళీ చేసే ముందు ఫైళ్లను తేదీ ప్రకారం పేర్చి, పైన డాక్యుమెంట్లేమైనా ఉన్నాయేమో చూడటం మంచి అలవాటు.

తీశాక ‘ఇంత తీసినా ఖాళీ పెరగలేదేం’ అనే ప్రశ్న తరచూ వస్తుంది. 1903 వెర్షన్ నుంచి కొత్తగా వేసిన విండోస్‌లో దాదాపు 7 జీబీ రిజర్వ్‌డ్ స్టోరేజ్‌గా పక్కన ఉంటుంది. టెంపరరీ ఫైళ్లు ముందు అందులోకే చేరతాయి. అక్కడివి తీస్తే ఆ రిజర్వే ఖాళీ అవుతుంది తప్ప మనకు కనిపించే అంకె పెద్దగా కదలదు. వేగం సంగతీ అంతే. డిస్క్ నిండిపోయే దశలో ఉంటే తేడా తెలుస్తుంది, సగం ఖాళీగా ఉన్న డ్రైవ్‌లో తెలియదు.

సీ డ్రైవ్‌లోని విండోస్ ఫోల్డర్ లోపల ఇన్‌స్టాలర్ అనే దాచిన ఫోల్డర్ పెద్దగా కనిపిస్తే చేయి పెట్టొద్దు. అది పోతే ప్రోగ్రామ్‌లు అప్‌డేట్ కావు, అన్ఇన్‌స్టాల్ కూడా కావు. విండోస్ తన భాగాల కాపీలు దాచుకునే విన్‌ఎస్ఎక్స్ఎస్ ఫోల్డర్ కనిపించేంత పెద్దది కాదు, ఒకే ఫైలు రెండు చోట్ల పేరు నమోదై ఉండటంతో లెక్క రెండుసార్లు పడుతుంది. ప్రీఫెచ్ (ప్రోగ్రామ్‌లు త్వరగా తెరుచుకోవడానికి విండోస్ రాసుకునే ఫైళ్లు) తీస్తే ప్రోగ్రామ్‌లు తెరుచుకోవడం కొన్నాళ్లు నిదానిస్తుందే గానీ లాభం లేదు. విండోస్ సెట్టింగుల పట్టికైన రిజిస్ట్రీని శుభ్రం చేస్తామనే క్లీనర్లనైతే అసలు దగ్గరికి రానీయొద్దు. 2017లో సీక్లీనర్ అనే శుభ్రపరిచే సాఫ్ట్‌వేర్ 5.33 వెర్షన్ హ్యాకర్లు చొప్పించిన మాల్‌వేర్‌తోనే జనానికి చేరిందన్నది కూడా గుర్తుంచుకోవాలి.

స్టోరేజ్ సెన్స్‌ని నెలకోసారి నడిచేలా, రీసైకిల్ బిన్ 60 రోజులకు, డౌన్‌లోడ్స్ ‘నెవర్’కు పెట్టి వదిలేస్తే చాలు. అది సీ డ్రైవ్‌నే చూస్తుంది.

శుభ్రం చేసిన కొద్ది రోజులకే సీ డ్రైవ్‌లోని విండోస్ ఫోల్డర్ లోపలి టెంప్ (‘%టెంప్%’తో తెరిచేది కాదు) మళ్లీ జీబీల్లో నిండుతుంటే, ‘క్యాబ్’తో మొదలయ్యే ఫైళ్లున్నాయేమో చూడండి. అదే విండోస్ ఫోల్డర్ లోపలి లాగ్స్ ఫోల్డర్‌లోని సీబీఎస్ లాగ్ (అప్‌డేట్ల పని నమోదయ్యే ఫైలు) 2 జీబీ దాటితే విండోస్ దాన్ని కుదించలేక ప్రతి ప్రయత్నంలోనూ సగం ఫైలును టెంప్‌లో వదిలేస్తుంది. టెంప్‌ని ఎన్నిసార్లు ఖాళీ చేసినా అది ఆగదు. సర్వీసుల్లో ‘విండోస్ మాడ్యూల్స్ ఇన్‌స్టాలర్’ ఆపి, ఆ పెద్ద లాగ్‌ని వేరే డ్రైవ్‌కి జరిపి, క్యాబ్ ఫైళ్లు తీసి, రీస్టార్ట్ చేయండి. వారం తర్వాత టెంప్‌లో కొత్త క్యాబ్ ఫైలు కనిపించకపోతే పని అయినట్టే.