ఎగోయాన్, పోలీ, మాడిన్: ఇంటి కథ తెలుసుకుని చూడాలా, చూశాక తెలుసుకోవాలా?

కెనడా ఇండిపెండెంట్ సినిమాల మాట ఎత్తితే చాలు, ఎవరితో మొదలుపెట్టాలి, ముందు ఆ డైరెక్టర్ బ్యాక్‌గ్రౌండ్ చదువుకోవాలా అని అడుగుతూనే ఉన్నారు. తిరిగి తిరిగి వచ్చేవి మూడు పేర్లే: ఆటమ్ ఎగోయాన్, సారా పోలీ, గై మాడిన్. ముగ్గురూ సొంత ఇంటిని సినిమాల్లోకి లాక్కొచ్చినోళ్లే. ఎవరు గొప్ప అనే గొడవ నాకొద్దు గానీ, నేను చూసేది మాత్రం ఒక్కటే: ఇంటి సంగతి ముందే తెలిస్తే సినిమా ఇంకా బాగుంటుందా, చెడిపోతుందా?

గై మాడిన్ విషయంలో తెలిసినా ఒకటే, తెలీకపోయినా ఒకటే. 1956లో కెనడాలోని వినిపెగ్ ఊళ్లో పుట్టాడు, నాన్న అక్కడి హాకీ టీమ్ మేనేజర్, ఇంట్లో ఆడవాళ్లు బ్యూటీ సెలూన్ నడిపేవాళ్లు, ఇదంతా నిజమే. కానీ 2007లో తీసిన 'మై వినిపెగ్'లో చిన్నప్పటి ఇంట్లో నటుల్ని పెట్టి పాత గొడవలన్నీ మళ్లీ ఆడిస్తూ, 1940ల నాటి హాలీవుడ్ నటి ఆన్ సావేజ్‌ని చూపించి ఈవిడే మా అమ్మ అన్నట్టు నడిపించేస్తాడు. ఏది జరిగింది, ఏది కట్టుకథ అని లెక్కలు తీసుకుంటూ కూర్చుంటే సరదా పోతుంది. హాయిగా నవ్వుకోడానికైతే ఇదే బెస్ట్.

సారా పోలీకి పూర్తిగా ఉల్టా. 1979లో టొరంటోలో పుట్టింది, అమ్మానాన్నా ఇద్దరూ నటులే, తను కూడా చిన్నప్పుడే టీవీలో స్టార్. పదకొండేళ్లకి అమ్మ డయాన్ క్యాన్సర్‌తో పోయింది. 2012లో వచ్చిన 'స్టోరీస్ వుయ్ టెల్' ఆ అమ్మ గురించే. నాన్న మైకేల్ రికార్డింగ్ స్టూడియోలో తను రాసుకున్నది చదువుతుంటే, కూతురు మధ్యలో ఆపి ఆ లైన్ ఇంకోసారి చదువు నాన్నా అంటుంది, ఆయన మారుమాటాడకుండా మళ్లీ చదువుతాడు. ఆయన చదివేదేంటో అర్థమయ్యే కొద్దీ ఆ 'ఇంకోసారి' ఎంత కష్టమైన మాటో తెలుస్తుంది. ఇంతకు మించి ఒక్క ముక్క కూడా చెప్పను. ఈ సినిమా చూసేదాకా ఆవిడ పేరు గూగుల్‌లో కొట్టకండి, అసలు సంగతి ముందే బయటపడిపోతుంది.

ఇక ఆటమ్ ఎగోయాన్. దాచుకోను, నా ఓటు ఈయనకే. ఎందుకంటే ఇంటి కథ తెలిసిన కొద్దీ సినిమా పెరిగేది ఈయన దగ్గరే. 1960లో కైరోలో అర్మేనియన్ కుటుంబంలో పుట్టాడు, ఈజిప్టులో మొదటి అణు రియాక్టర్ వచ్చిన సంబరంలో ఆటమ్, అంటే అణువు, అని పేరు పెట్టారట (మన దగ్గర రాకెట్ పేరు పెట్టినోళ్లు ఉన్నారో లేదో మరి). అమ్మానాన్నా ఇద్దరూ పెయింటర్లు. పిల్లాడికి ఊహ తెలీకముందే కెనడా పశ్చిమ తీరంలోని విక్టోరియాకి వచ్చేసి, బతకడానికి ఫర్నిచర్ వ్యాపారం పెట్టుకున్నారు. చెల్లెలు ఈవ్ పియానిస్ట్. స్కూల్లో అందరిలా ఉండాలని పిల్లాడు అర్మేనియన్ భాషని పక్కన పడేశాడు, డల్లాస్‌లో పెరిగే మన పిల్లలు అమ్మమ్మ తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిచ్చినట్టే. మళ్లీ దాని మీద మనసు మళ్లింది టొరంటో యూనివర్సిటీకి వెళ్లాకే.

ఇది తెలుసుకుని 1993 నాటి 'క్యాలెండర్' చూడండి. ఒక ఫొటోగ్రాఫర్ క్యాలెండర్ కోసం పన్నెండు చర్చిల ఫొటోలు తీయడానికి భార్యతో అర్మేనియా వెళ్తాడు. అతనికి భాష రాదు. డ్రైవర్ ఆ చర్చి గురించి చెప్తుంటే భార్య అనువాదం చేస్తుంటుంది. ఇతను కెమెరా వెనక నుంచి కదలడు, చర్చి దగ్గరికెళ్లి తాకి చూద్దువు రా అంటే ఎందుకూ అంటాడు. ఆమె కొంచెం కొంచెంగా ఫ్రేమ్‌లో దూరమైపోతుంటుంది, అతను మాత్రం వెలుతురు సరిగ్గా పడిందా లేదా చూసుకుంటుంటాడు. ఆ ఫొటోగ్రాఫర్ వేషం ఎగోయానే వేశాడు, భార్యగా చేసింది నిజంగా అతని భార్యే, బీరూట్‌లో పుట్టిన అర్సినే ఖంజియాన్. ఈ రెండు ముక్కలు తెలీకపోతే అదేదో స్లో సినిమా, తెలిస్తే ఒక మనిషి తనని తానే తిట్టుకుంటున్నట్టు ఉంటుంది.

1987 నాటి 'ఫ్యామిలీ వ్యూయింగ్' కూడా అంతే. పాత ఇంటి వీడియో టేపుల మీద తండ్రి ఇంకేవో రికార్డ్ చేసేస్తుంటాడు, అమ్మమ్మేమో నర్సింగ్ హోమ్‌లో పడి ఉంటుంది. ఆ ఏడాది మాంట్రియల్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో జర్మన్ డైరెక్టర్ విమ్ వెండర్స్ తనకొచ్చిన బహుమతి డబ్బు కుర్రాడైన ఎగోయాన్‌కి ఇచ్చేశాడు. 1997లో కాన్స్ ఫెస్టివల్‌లో గ్రాండ్ ప్రి బహుమతి కొట్టిన 'ద స్వీట్ హియరాఫ్టర్' మాత్రం ఏ బ్యాక్‌గ్రౌండూ లేకుండా చూసెయ్యొచ్చు, అందులో బస్సు యాక్సిడెంట్ నుంచి బతికిన అమ్మాయి మన సారా పోలీయే.

దీపా మెహతా, జేవియర్ డొలాన్ ఎందుకు లేరంటారా? మెహతా మనోళ్లకి ఎలాగూ తెలుసు, డొలాన్‌కి అమ్మతో గొడవ ఉందని 'ఐ కిల్డ్ మై మదర్' అనే సినిమా పేర్లోనే ఉంది, వేరే చదవక్కర్లేదు.

ఎగోయాన్‌తో మొదలుపెట్టేవాళ్లు 2002 నాటి 'అరారత్' జోలికి ముందే పోకండి. 1915 నాటి అర్మేనియన్ల మారణహోమం, సినిమాలో సినిమా, అర్మేనియన్ పెయింటర్ ఆర్షీల్ గోర్కీ, అన్నీ ఒకదాని మీద ఒకటి పేరుకుపోతాయి. ఎగోయాన్ తన కొడుక్కి ఆ ఆర్షీల్ పేరే పెట్టుకున్నాడంటే ఆ బొమ్మలంటే ఆ ఇంట్లో ఎంత ఇదో చూడండి. ఎప్పుడు చూసినా సరే, ముందు గోర్కీ వేసిన తల్లీకొడుకుల పెయింటింగ్, దానికి ఆధారమైన 1912 నాటి ఫొటో రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోండి, సగం చిక్కు అక్కడే వీడిపోతుంది.