ఆరో పోకెమాన్ ఏది? ఇన్సినరోర్, అమూంగస్, ఐరన్ హ్యాండ్స్‌లో ఏది మేలు?

టోర్నడస్, ఫ్లటర్ మేన్, ర్యాపిడ్ స్ట్రైక్ అర్షిఫు, లాండొరస్, రిల్లాబూమ్. ఈ ఐదూ ఒక సాయంత్రంలో కుదిరిపోయాయి. ఆరో గడి దగ్గర మాత్రం పది రోజులు ఆగిపోయాను. రోజూ ఒకదాన్ని పెట్టడం, రెండు ఆటలు ఓడడం, తీసేయడం.

ఇదంతా పోకెమాన్ స్కార్లెట్, వయొలెట్ వీడియో గేమ్‌లలోని డబుల్స్ గురించి, అంటే ఒక్కో వైపు రెండేసి పోకెమాన్‌లు ఒకేసారి తలపడే ఆట. 2024 మొదటి నెలల్లో అధికారిక పోటీల్లో నడిచిన రెగ్యులేషన్ ఎఫ్ రూల్స్ అంటే మా స్నేహితులకు ఇంకా మోజు తీరలేదు, మేం ఆడేది అదే. అన్నీ లెవెల్ 50. ఆరింటిని తెచ్చి, అవతలివాళ్ల ఆరింటినీ చూశాక నాలుగింటినే దించుతాం. ఏ రెండింటికీ ఒకే ఐటమ్ ఉండకూడదు. మూవ్‌లు, ఐటమ్, ఎబిలిటీ (దాని సహజ గుణం), టెరా టైప్ (ఆటలో ఒకసారి మారగలిగే టైప్) అన్నీ ఎదుటివాళ్లకు ముందే కనిపిస్తాయి.

నాలుగే దిగుతాయి కాబట్టి ఆరోది ఎప్పుడో ఒకసారే ఆడుతుందిలే అనుకుంటాం. అక్కడే బోల్తా పడతాం. అది దిగిన ఆటలో మిగతా ఐదింటిలో రెండు బయట కూర్చోవాలి. అందుకే నేను దాని బలం కంటే ముందు, అది వస్తే ఎవరు ఆగిపోతారో చూస్తున్నాను.

టీమ్ లోపాలేమిటో మొదట చెప్పాలి. ఇది వేగం మీద బతికే టీమ్. టోర్నడస్ టెయిల్‌విండ్ వేస్తే నాలుగు టర్న్‌లు మా స్పీడ్ రెట్టింపు. మామూలుగానే ఫ్లటర్ మేన్ స్పీడ్ 205 దాకా పోతుంది. అవతల ట్రిక్ రూమ్ పడిందంటే ఇదంతా తలకిందులు: ఐదు టర్న్‌లు నెమ్మదైనదే ముందు కదులుతుంది, మా టెయిల్‌విండ్ మమ్మల్నే ఇంకా వెనక్కి నెడుతుంది. రెండో లోపం మంచు. టోర్నడస్, రిల్లాబూమ్‌లకు ఐస్ దెబ్బ రెండింతలు, లాండొరస్‌కు నాలుగింతలు. మంచు టైప్ షియెన్-పావ్ కనపడితే మాకు టెన్షనే.

మొదట అమూంగస్‌నే పెట్టాను, దానికి గట్టి కారణమే ఉంది. ట్రిక్ రూమ్ వేసేవాటిలో నన్ను బాగా ఏడిపించేది ఫారిజిరాఫ్. దాని ఎబిలిటీ ఆర్మర్ టెయిల్ ఉన్నంతసేపు, దాని మీదైనా పక్కదాని మీదైనా ముందుగా పడే ప్రయారిటీ మూవ్‌లేవీ పనిచేయవు. రిల్లాబూమ్ ఫేక్ అవుట్ (ఎదుటిదాన్ని ఆ టర్న్‌కు కదలనివ్వని దెబ్బ), గ్రాసీ గ్లైడ్ రెండూ పోయినట్టే. ప్రాంక్‌స్టర్ ఎబిలిటీ వల్ల ముందు పడాల్సిన టోర్నడస్ టాంట్‌కూ (దెబ్బ కొట్టని మూవ్‌లను ఆపేది) అదే గతి. అది నార్మల్, సైకిక్ జంట కాబట్టి ఫ్లటర్ మేన్ షాడో బాల్ అసలు తగలదు. కానీ ట్రిక్ రూమ్‌కు ప్రయారిటీ మైనస్ ఏడు, అంటే ఆ టర్న్‌లో అందరి తర్వాతే పడుతుంది. స్పోర్‌కు ప్రయారిటీ ఏమీ లేదు. అమూంగస్ ఎంత నెమ్మదైనదైనా స్పోర్ దానికంటే ముందే పడి ఫారిజిరాఫ్‌ను నిద్రపుచ్చుతుంది, ఆర్మర్ టెయిల్ దాన్ని ఆపలేదు. గురి నూటికి నూరు, నిద్ర ఒకటి నుంచి మూడు టర్న్‌లు. ఒకవేళ ట్రిక్ రూమ్ పడిపోయినా అమూంగస్ స్పీడ్‌ను 31 దాకా దించొచ్చు కాబట్టి, వీలైనంత నెమ్మదిగా తయారుచేసిన అర్సలూనా 49 కంటే ముందే కదులుతుంది. కాగితం మీద ఇంతకంటే ఏం కావాలి?

ఒక ఆటలో ఆ కాగితం చిరిగింది. ఎదురుగా హాటరీన్, అర్సలూనా. ట్రిక్ రూమ్ పడింది. హాటరీన్‌కు మ్యాజిక్ బౌన్స్ ఉంది, స్పోర్ తిరిగొస్తుంది, కాబట్టి అర్సలూనా మీద వేద్దామనుకున్నాను. ఇంతలో హాటరీన్ ముందు కదిలి సైకిక్‌తో, అప్పటికే కాస్త దెబ్బతిన్న నా పుట్టగొడుగును పడగొట్టేసింది. తర్వాత లెక్క చూసుకుంటే హాటరీన్ కనీస స్పీడ్ 30, నాది 31. ఒక్క పాయింట్! టోర్కోల్ అయితే 22 దాకా పోతుంది, దాని మంట దెబ్బ ఇరప్షన్ ముందు అమూంగస్ ఇంకా బేలగా నిలబడుతుంది.

ఆ ఒక్క ఓటమికే తీసేసేవాణ్ని కాదు. అసలు చిక్కు రిల్లాబూమ్‌తో. రెండూ గ్రాస్. రెండూ మంటకు, మంచుకు, గాలి దెబ్బకు బలహీనం. అమూంగస్ వస్తే ఆరింటిలో నాలుగు మంచుకు లొంగేవే. నా నోట్‌బుక్ తిరగేస్తే, ఈ రెండింటినీ కలిపి దించిన ఆట ఒక్కటీ లేదు. అమూంగస్ వచ్చిన ప్రతిసారీ రిల్లాబూమ్ ఆగిపోయింది, దాంతోపాటు ఫేక్ అవుట్ కూడా పోయింది. అవతల టాంట్ పడితే స్పోర్, రేజ్ పౌడర్, ప్రొటెక్ట్ మూడూ మూసుకుపోతాయి, అమూంగస్ ఊరికే నిలబడి తన్నులు తింటుంది. సేఫ్టీ గాగుల్స్ పెట్టుకున్నవాటికి, గ్రాస్ టైప్‌లకు స్పోర్ పనిచేయదు. గుడ్ యాజ్ గోల్డ్ ఉన్న గోల్డెంగోకూ అంతే. రిల్లాబూమ్ లేని టీమ్‌లోనైతే అమూంగస్ గురించి నా తీర్పు వేరుగా ఉండేది. ప్రాణం 221, స్విచ్ అయిన ప్రతిసారీ రీజనరేటర్‌తో మూడోవంతు తిరిగొస్తుంది, రేజ్ పౌడర్‌తో పక్కవాడి మీద పడే దెబ్బ తనమీదకు లాక్కుంటుంది. ఇంత ఓపిక ఇంకెవరికుంది?

ఐరన్ హ్యాండ్స్ సంగతి త్వరగా తేలిపోయింది. ప్రాణం 261 దాకా పెంచొచ్చు, ఫేక్ అవుట్ ఉంది, డ్రెయిన్ పంచ్‌తో కొట్టినకొద్దీ కోలుకుంటుంది, బేస్ స్పీడ్ 50 కాబట్టి ట్రిక్ రూమ్‌లో ఇబ్బంది పడదు. పెలిపర్, ఆర్చలూడాన్ వాన జంట మీద దానికి తిరుగులేదు: కరెంటు దెబ్బ పెలిపర్‌కు నాలుగింతలు, ఫైటింగ్ దెబ్బ ఆర్చలూడాన్‌కు రెండింతలు. అయితే దానికి నప్పే ఐటమ్ అసాల్ట్ వెస్ట్, అది ఇప్పటికే రిల్లాబూమ్ ఒంటిమీద ఉంది. ఒకరికిస్తే ఇంకొకరు వట్టి ఒంటితో నిలబడాలి. పైగా అది టెరా కావాలని అడిగే రకం. ఆటకు ఒక్కసారే దక్కే టెరా కోసం మా దగ్గర ఫ్లటర్ మేన్, అర్షిఫు ముందే క్యూలో ఉన్నాయి. గ్రౌండ్, సైకిక్, ఫెయిరీ దానికి బలహీనతలు. ట్రిక్ రూమ్ టీమ్‌లు తెచ్చేది సరిగ్గా అర్సలూనా గ్రౌండ్ దెబ్బ, హాటరీన్ సైకిక్ దెబ్బ. వాన టీమ్‌లే ఎక్కువగా ఎదురయ్యేవాళ్లకు ఇదే సరైనది. మా గుంపులో వాన ఆడేది ఒక్కడే, వాణ్ని అర్షిఫు క్లోజ్ కాంబాట్ చూసుకుంటుంది.

ఇక మిగిలింది ఇన్సినరోర్. నిజం చెప్పాలంటే దీన్ని పెట్టడం నాకు ఇష్టం లేదు. ప్రతి రెండో టీమ్‌లోనూ కనిపిస్తుంది, చూసి చూసి విసుగొచ్చింది. అయినా లెక్కలు దానివైపే నడిచాయి.

ఒక లెక్క చూపిస్తాను. ప్రాణానికీ డిఫెన్స్‌కూ ఏమీ పెంచని ఫ్లటర్ మేన్ ప్రాణం 130, డిఫెన్స్ 75. ఎదుటి రిల్లాబూమ్ దాడిని పూర్తిగా, దాడిని పెంచే అడమంట్ నేచర్‌తో సహా పెంచి, గ్రాస్ దెబ్బలకు బలమిచ్చే గ్రాసీ టెరెయిన్ మీద గ్రాసీ గ్లైడ్ వేస్తే 105 నుంచి 124 దాకా పోతుంది. అంటే అంతకుముందు ఇంకో చిన్న దెబ్బ తగిలి ఉన్నా పని అయిపోయినట్టే. ఇన్సినరోర్ దిగగానే ఇంటిమిడేట్ వల్ల ఎదుటివాళ్లిద్దరి దాడీ మూడింట రెండొంతులకు పడిపోతుంది. అప్పుడు అదే దెబ్బ 70 నుంచి 84. ఫ్లటర్ మేన్ ఒక టర్న్ ఎక్కువ బతికిందంటే మరో మూన్‌బ్లాస్ట్ పడినట్టు. ఇన్సినరోర్ చేతికి ఎవరూ చావకపోయినా నాకు చాలు, పక్కవాడి చేతికి ఒక టర్న్ ఇస్తే ఆ ఆట నాది.

ఫేక్ అవుట్ ఉన్నవి రెండయ్యాయి కాబట్టి ఏదో ఒకటి ముందు దిగుతుంది, ఇంకోటి వెనక ఉంటుంది. పార్టింగ్ షాట్‌తో ఎదుటివాడి రెండు రకాల దాడినీ ఒక మెట్టు దించి తాను బయటికి పోతుంది, మళ్లీ వస్తే మళ్లీ ఇంటిమిడేట్. డార్క్ కాబట్టి ఎదుటి టోర్నడస్ వేసే ప్రాంక్‌స్టర్ టాంట్ దానికి అంటదు. మంట, మంచు దెబ్బలు సగమే తగులుతాయి, షియెన్-పావ్ ఐసికిల్ క్రాష్ మీదికి స్విచ్ చేయడానికి మాకు అర్షిఫుతో పాటు రెండోది దొరికింది. ఫారిజిరాఫ్ మీద ఫేక్ అవుట్ పనిచేయదు, ఒప్పుకుంటాను. కానీ నార్మల్, సైకిక్ జంటకు బలహీనతలు రెండే, బగ్, డార్క్. నాక్ ఆఫ్ డార్క్ మూవ్, పైగా ఎదుటిదాని దగ్గర ఐటమ్ ఉంటే ఒకటిన్నర రెట్లు బలంగా పడుతుంది. దానితో పాటు లాండొరస్ ఎర్త్ పవర్ కూడా పడితే ట్రిక్ రూమ్ వేసేలోపే ఫారిజిరాఫ్‌ను చావు దగ్గరికి తేవొచ్చు. ఆపడం మాత్రం ప్రతిసారీ కుదరదు. అమూంగస్‌తో పోలిస్తే ఇక్కడ ఇన్సినరోర్ ఒక మెట్టు తక్కువే.

మరి నష్టాలు? కింగాంబిట్‌కు డిఫైయంట్ ఉంటే మన ఇంటిమిడేట్ దాని దాడిని పెంచుతుంది. అది ఎదుటి టీమ్‌లో కనపడితే ఇన్సినరోర్‌ను వెనక్కి నెట్టడమో, దించకపోవడమో చేస్తున్నాను. గోల్డెంగో మీద పార్టింగ్ షాట్ పనిచేయదు, ఘోస్ట్ కాబట్టి ఫేక్ అవుట్ కూడా తగలదు. ఎదుటి అర్షిఫు సర్జింగ్ స్ట్రైక్స్ మన పులికి నేరుగా ప్రమాదం, కానీ ఆ నీటి దెబ్బ మీదికి రిల్లాబూమ్‌ను దించితే సగమే తగులుతుంది. ఇన్సినరోర్, రిల్లాబూమ్ ఒకదాని బలహీనతను ఒకటి మూస్తాయి. అమూంగస్, రిల్లాబూమ్ ఒకదాని బలహీనతను ఒకటి పెంచుతాయి. నా టీమ్‌కు సంబంధించినంతవరకు తేడా ఇక్కడే ఉంది.

ఎవరో ఒకరు పచిరిసు కథ గుర్తుచేస్తారు. 2014లో వాషింగ్టన్‌లో జరిగిన ప్రపంచ పోటీలో సేజున్ పార్క్ ఆ చిన్న ఉడతను దించి మాస్టర్స్ టైటిల్ గెలిచాడు. అందరూ నవ్వే పోకెమాన్‌తో గెలిచాడని చెప్పుకుంటారు గానీ, దాన్ని ఊరికే పెట్టలేదు. అతని టీమ్‌లో గ్యారడోస్, టాలన్‌ఫ్లేమ్ కరెంటు దెబ్బకు బలహీనం. పచిరిసు ఫాలో మీతో ఆ దెబ్బల్ని తనవైపు లాగుతుంది, వోల్ట్ అబ్జార్బ్‌తో వాటిని తాగి ప్రాణం పెంచుకుంటుంది. అతని ఐదింటికి ఏం తక్కువైందో అదే తెచ్చింది. ఆ ఉడతను ఇప్పుడు నా టీమ్‌లో పెడితే అది ఉడతే.

మీ ఐదు వేరైతే జవాబూ వేరు. నేను చేసిన పరీక్ష చేసి చూడండి: మీకు ఎక్కువగా ఎదురయ్యే ఐదారు టీమ్‌లు రాసుకుని, ఒక్కోదానికి ముందు దించే రెండు, వెనక ఉంచే రెండు పేర్లు రాయండి. ఆరోది ఎక్కడా రాకపోతే తీసేయండి. నేను ఇలా రాస్తే అమూంగస్ ట్రిక్ రూమ్ టీమ్‌ల ఎదుట మాత్రమే వచ్చింది. ఇన్సినరోర్ అక్కడా వచ్చింది, షియెన్-పావ్ ఉన్నచోటా వచ్చింది, ఎదుట రిల్లాబూమ్ ఉన్న ప్రతిచోటా వచ్చింది.

ఇన్సినరోర్ ఖాయం చేశాక ఐటమ్ గొడవ మిగిలింది. ఫ్లటర్ మేన్‌కు బూస్టర్ ఎనర్జీ, అర్షిఫుకు ఫోకస్ శాష్, లాండొరస్‌కు లైఫ్ ఆర్బ్, రిల్లాబూమ్‌కు అసాల్ట్ వెస్ట్, ఫేక్ అవుట్‌కు జడిసి టెయిల్‌విండ్ ఆగిపోకుండా టోర్నడస్‌కు కోవర్ట్ క్లోక్. ఇన్సినరోర్‌కు సిట్రస్ బెర్రీయా, సేఫ్టీ గాగుల్సా అని రెండు రోజులు ఊగి, చివరికి గాగుల్స్ పెట్టాను. నేను తీసేసిన అమూంగస్‌ను మా గుంపులో ఇంకొకడు ఎత్తుకున్నాడు మరి.