మాహిష్మతి అభిమానుల హైదరాబాద్ ట్రిప్: సెట్టు, షో, బస, వేషం

పొద్దున ఫిల్మ్ సిటీ, రాత్రి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సెకండ్ షో. బాహుబలి ఫ్యాన్స్ గ్రూపుల్లో హైదరాబాద్ ట్రిప్ అనగానే ముందు తయారయ్యే ప్లాను ఇదే, ముందు చెడేదీ ఇదే. బాహుబలి మాహిష్మతి సెట్టు ఉన్న రామోజీ ఫిల్మ్ సిటీ ఊరికి తూర్పున, విజయవాడ హైవే మీద అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గరుంది. సాయంత్రం అందరూ ఒకేసారి బయటికొస్తారు, హయత్‌నగర్ దాటి ఎల్బీనగర్ చేరేసరికే ఓపిక అయిపోతుంది. ఆపైన రెండు భాగాలూ కలిపి 2025 అక్టోబరు 31న వదిలిన 'ది ఎపిక్' వేశారంటే నిడివే దాదాపు 3 గంటల 45 నిమిషాలు. తొమ్మిదిన్నర ఆట ఒంటిగంట దాటాక గానీ వదలదు. రోజంతా ఎండలో తిరిగినవాళ్లు ఇంటర్వెల్‌కే కునుకు తీస్తారు. రెండు రోజులు పెట్టుకోండి. ఒక్క రోజే కుదిరితే మాత్రం సెట్టు వదిలేసి థియేటర్‌కే వెళ్లాలని మా సలహా. సెట్టు ఎప్పుడొచ్చినా ఉంటుంది, నిండు హాలు ఉండదు.

ఫిల్మ్ సిటీకి మెట్రోలో వచ్చేవాళ్లు రెడ్ లైన్ చివరి స్టేషన్ ఎల్బీనగర్‌లో దిగి, అక్కణ్నుంచి సిటీ బస్సో క్యాబో పట్టుకోవాలి. విజయవాడ వైపు నుంచి వచ్చేవాళ్లు ఊళ్లోకి వెళ్లి వెనక్కి రావడం శుద్ధ దండగ. ఫిల్మ్ సిటీ దారిలోనే తగులుతుంది, డ్రైవర్‌తో ముందే మాట్లాడుకుని దిగిపోవచ్చు. టికెట్ పెద్దవాళ్లకు వెయ్యి దాటుతుంది. సీజన్‌ను బట్టి రేటు మారుతుంది కాబట్టి వెళ్లే వారంలోనే చూసుకుని, ఆన్‌లైన్‌లో తీసుకోవడం మేలు. గేటు తెరిచే వేళకే అక్కడుండాలి. హైవే మీది గేటు నుంచి లోపలికి వాళ్ల బస్సులోనే వెళ్లాలి, ఆ క్యూ పది దాటితే పెరిగిపోతుంది.

లోపలి టూరు కుటుంబాల కోసం అల్లింది, ఫ్యాన్స్ కోసం కాదు. గార్డెన్లు, ఉత్తుత్తి రైల్వే స్టేషన్, షోలు, వాటి మధ్య మాహిష్మతి ఒక మజిలీ మాత్రమే. అందరూ ఫోటోలు దిగేలోపే పిలుపు వచ్చేస్తుంది. బస్సు దిగేముందే గైడును అడగండి: కాస్త ఆగి వెనకొచ్చే బస్సెక్కితే ఒప్పుకుంటారా అని. ఒప్పుకుంటే ఆ రోజు మీదే. మిగతా షోల్లో సగం వదిలేసినా నష్టం లేదు.

బాహుబలి సెట్లు వేసిన కళాదర్శకుడు సాబు సిరిల్ చేతి పని దగ్గరికెళ్లి చూడాల్సిందే. రాతి స్తంభమనుకున్నదాన్ని వేలితో కొడితే డొల్లగా మోగుతుంది. అతుకు గీత ఎక్కడుందో కళ్లు చిట్లించి వెతికితే గానీ దొరకదు. రంగు పెచ్చులూడిన మూలల్లో లోపలి తెల్లటి పొర కనిపిస్తుంది. ఆనుకోకండి, ఎక్కకండి. ఫోటోకు మిట్టమధ్యాహ్నం పనికిరాదు, ముఖాల మీద నీడలు పడతాయి. ఫోన్‌ను మోకాలి ఎత్తున పట్టుకుని పైకి వంచితే సెట్టులోని విగ్రహం ఆకాశాన్నంటినట్టు వస్తుంది, వెనకున్న జనం తలలు ఫ్రేములోంచి తప్పుకుంటాయి. సినిమాలో శివుడు (ప్రభాస్ పాత్ర) ఎక్కిన జలపాతం కోసం మాత్రం వెతక్కండి. అది కేరళలోని అతిరప్పిళ్లి దగ్గర తీసిన దృశ్యాలకు గ్రాఫిక్స్ జోడించి చేసింది.

బస సంగతి. ఫిల్మ్ సిటీ లోపలి హోటళ్లలో సితార ఖరీదైనది, తార దానికి ఒక మెట్టు కింద. పదీ పదిహేను మంది గ్రూపైతే సహారా లాంటి చోట తలా కొంత వేసుకుంటే గిట్టుబాటవుతుంది. కానీ అక్కడ దిగితే రాత్రి ఊళ్లోకి వెళ్లిరావడం కష్టం. షో చూసే రాత్రికి చిక్కడపల్లి, నారాయణగూడల్లో లాడ్జి చూసుకోండి. గది ఎలా ఉన్నా ఫర్వాలేదు, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌కు నడిచి చేరగలగాలి. షో వదిలే వేళకు మెట్రో ఉండదు, ఆటోవాళ్లు నోటికొచ్చింది అడుగుతారు. పగలైతే సుఖం: ఎల్బీనగర్‌లో ఎక్కి ఎంజీబీఎస్‌లో గ్రీన్ లైన్‌కు మారితే నాలుగో స్టేషనే క్రాస్‌రోడ్స్.

థియేటర్లలో సుదర్శన్, దేవి, సంధ్య పక్కపక్కనే ఉన్నట్టు లెక్క. బొమ్మ, సౌండు బాగుండాలంటే ఎన్టీఆర్ మార్గ్‌లోని ప్రసాద్స్ పెద్ద స్క్రీన్‌కు వెళ్లాలి. ఈలలు, కాగితాలు, ప్రమాణ స్వీకారం సీన్‌లో హాలంతా లేచి నిలబడటం కావాలంటే సింగిల్ స్క్రీనే. అక్కడ ముందు వరుసలు యువకుల రాజ్యం. పిల్లలతో, పెద్దవాళ్లతో వచ్చినవాళ్లకు బాల్కనీ, అదీ తలుపుకు దగ్గర వరుస. 2024 డిసెంబరులో క్రాస్‌రోడ్స్‌లోనే ఒక ప్రీమియర్ తొక్కిసలాటలో ఒక మహిళ ప్రాణం పోయింది. హీరో వస్తున్నాడని తెలిసిన షోకు చంటిపిల్లలను తీసుకెళ్లకండి.

కాగితాలు ఇంటి దగ్గరే చింపి తెచ్చుకోండి, మెరుపు కాగితం వద్దు, సీట్ల మధ్య జారుతుంది. గజమాల వేసే ఉద్దేశముంటే తెల్లవారకముందే గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కు పోవాలి. పాలాభిషేకానికి రెండు ప్యాకెట్లు చాలు, క్యాన్లకు క్యాన్లు పోస్తే గేటు ముందు కాళ్లు జారేది మనవాళ్లకే.

వేషం వేసుకునేవాళ్లకు రెండు దారులు. కృష్ణానగర్‌లో సినిమావాళ్లకు బట్టలు అద్దెకిచ్చే షాపులున్నాయి. రాజు వేషం ఉంటుంది, మీ కొలతకు ఉంటుందన్న నమ్మకం లేదు. బట్టలు తీసుకునేముందే వాటికున్న చిరుగులకు ఫోటో తీసుకోండి, డిపాజిట్ గొడవలన్నీ అక్కడే మొదలవుతాయి. సొంతంగా చేసుకుంటే కవచానికి 5 మిల్లీమీటర్ల ఈవీఏ ఫోమ్ (మెత్తగా వంగే తేలికపాటి షీటు), అంచుల నగిషీకి 2 మిల్లీమీటర్లది. మీటరు చదరపు షీట్లు రెండుంటే ఒక మనిషికి ఛాతీ, భుజాలు, ముంజేతులు వస్తాయి. నగలకు బేగంబజార్ పోతే సరి.

కవచం ఊడిపోయేది ఎక్కువగా అతుకు దగ్గరే. రబ్బరు గమ్ము రెండు అంచులకూ రాసి, పది పదిహేను నిమిషాలు ఆరనిచ్చి, వేలికి అంటనప్పుడే కలపాలి. తడి మీద అతికిస్తే బాగానే ఉన్నట్టుంటుంది, ఇంటర్వెల్‌కు భుజం చేతికొస్తుంది. రంగుకు ముందు హీట్ గన్‌తో పైపొర కాస్త మెరిసేదాకా కాచి, నీళ్లు కలిపిన తెల్ల గమ్ము మూడు పూతలు వేయాలి. అవి లేకుండా బంగారు రంగు కొడితే ఫోమ్ పీల్చేసుకుంటుంది, వంగిన చోటల్లా పగుళ్లిస్తుంది. వెల్క్రోను అంటించి వదిలేయకండి, కుట్టించండి, చెమటకు జిగురు ఆగదు. ఎండలో నిలిపిన కారులో కవచం పెడితే వంపు పోయి అట్టముక్కవుతుంది. కత్తి ఫోమ్‌దే అయినా ఫిల్మ్ సిటీలోగానీ హాల్లోగానీ సెక్యూరిటీ ఆపవచ్చు. ముందే ఫోన్ చేసి అడగండి, వద్దంటే లాడ్జిలోనే ఉంచి రండి. థియేటర్లో బట్టలు మార్చుకునే గదులుండవు, బాత్రూంలో కవచం తొడుక్కోవడం అయ్యే పని కాదు. లాడ్జిలోనే తయారై, పైన వదులు చొక్కా వేసుకుని నడిచి రావడమే తేలిక.