గెట్జ్ ఊపిరి, గాటో కేక: రీఇష్యూల్లో ఏది మేలు?

లాటిన్ జాజ్ సాక్సఫోన్‌లో పాత ఆల్బమ్‌లు మళ్లీ మళ్లీ విడుదలవుతూనే ఉన్నాయి. వాటిలో ఒక్కటే కొనాలంటే నా దృష్టిలో పోటీ రెండింటి మధ్యే: 1964లో వచ్చిన ‘గెట్జ్/జిల్బెర్టో’, 1973 నాటి గాటో బార్బియరి ‘చాప్టర్ వన్: లాటిన్ అమెరికా’.

మొదటిది చాలామంది వినే ఉంటారు. 1963 మార్చిలో న్యూయార్క్‌లో రికార్డు చేశారు. టెనర్ సాక్స్ మీద అమెరికన్ స్టాన్ గెట్జ్, గొంతూ గిటారూ బ్రెజిల్‌ వాడైన జువావ్ జిల్బెర్టోవి, పియానో బ్రెజిల్ స్వరకర్త జోబిమ్‌ది. అప్పటిదాకా వృత్తిగా పాడని అస్ట్రుడ్ జిల్బెర్టో గొంతులో ‘ద గర్ల్ ఫ్రమ్ ఇపనీమా’ పాట ప్రపంచమంతా తిరిగింది. 1965లో ఆల్బమ్ ఆఫ్ ద ఇయర్ గ్రామీ వచ్చింది.

గెట్జ్ వాయిస్తుంటే స్వరం కంటే ముందు ఊపిరి వినిపిస్తుంది. అరిగిపోయిన ఎల్పీలో అది గరగరలో కలిసిపోతుంది. కాబట్టి దీనికి శుభ్రమైన రీఇష్యూనే కావాలి. 2014 నాటి ఎడిషన్‌లో స్టీరియోతో పాటు, శబ్దమంతా ఒకే ఛానెల్‌లో వినిపించే మోనో కూడా ఉంది. నా ఓటు మోనోకే. గొంతు, గిటార్, సాక్స్ ఒకరి పక్కన ఒకరు కూర్చున్నంత దగ్గరగా ఉంటాయి.

గాటోది వేరే లోకం. అర్జెంటీనాలోని రొసారియోలో పుట్టాడు. యూరప్‌లో ట్రంపెట్ వాద్యగాడు డాన్ చెర్రీతో ఫ్రీ జాజ్ (కట్టుబాట్లు లేని స్వేచ్ఛా జాజ్) వాయించి, ఆ తర్వాత సొంత గడ్డ సంగీతం వైపు మళ్లాడు. ఈ ఆల్బమ్‌కి దక్షిణ అమెరికా వాద్యగాళ్లనే పిలిచాడు. ఆండీస్ కొండల కేనా వేణువు, చిన్న గిటార్‌లాంటి చరంగో, హార్ప్, చేతి డప్పులు, దీనో సలూసీ వాయించిన బండోనియాన్ (అకార్డియన్‌లాంటి వాద్యం). వాటన్నిటి మీదుగా సాక్స్ గొంతు చించుకుని లేస్తుంది. ఆ గరుకుదనం మొదట్లో కొందరికి భారంగా ఉండొచ్చు. ఇక్కడ రీఇష్యూ చేసిన మేలు వేరు: 1997లో ఇంపల్స్ కంపెనీ ‘లాటినో అమెరికా’ పేరుతో చాప్టర్ వన్, దాని తరువాయి చాప్టర్ టూ కలిపి, పక్కన పెట్టేసిన టేకులు కూడా చేర్చి రెండు సీడీలుగా ఇచ్చింది. విడివిడిగా కంటే అలా వింటేనే గాటో ఏం వెతికాడో అర్థమవుతుంది.

కొత్తగా వినేవాళ్లకు గెట్జే సులువు, సందేహం లేదు. కానీ ఒక్కటే అంటే నేను గాటోనే తీసుకుంటాను. గెట్జ్ ఎంత అందంగా వాయించినా జిల్బెర్టో పాటలోకి వచ్చిన అతిథిలాగే ఉంటాడు, అక్కడక్కడా ఆ మెత్తని గొంతు పక్కన కాస్త గట్టిగా ఊదినట్టూ ఉంటుంది. గాటో సాక్స్‌ని ఆ డప్పుల్లోంచి విడదీయలేం.

బ్రాస్ (ట్రంపెట్‌లాంటి లోహపు బూరల) హోరు, డాన్సు ఊపు కావాలంటే మాత్రం ఈ రెండూ కాదు, చికో ఓ’ఫారిల్ అరేంజ్ చేసిన గాటో మూడో చాప్టర్ తీసుకోండి. చాప్టర్ వన్ అయితే బండోనియాన్‌తో సాగే ‘నుంకా మాస్’ టాంగోతో మొదలుపెట్టండి, స్పీకర్ సౌండ్ బాగా పెంచి.