నెట్‌వర్క్ మేనేజర్ తీసేసి మూడేళ్లు: మిల్లు సర్వర్ల మీద నా అనుభవం

నేను హన్మకొండలో ఉంటాను. జిన్నింగ్ మిల్లులకు బిల్లింగ్ సర్వర్ కంప్యూటర్లు పెట్టి, వాటి బాగోగులు చూడటం నా పని. జమ్మికుంటలో ఒకటి, నర్సంపేటలో ఒకటి ఉబుంటు డెస్క్‌టాప్ 22.04 అనే లినక్స్ మీద నడుస్తున్నాయి. ఆ రెండింటిలో నెట్ కనెక్షన్లు చూసుకునే నెట్‌వర్క్ మేనేజర్‌ను పక్కనబెట్టి, దాని పని తెర మీద గుర్తు లేకుండా ఫైల్ ప్రకారం నడిచే సిస్టమ్‌డీ-నెట్‌వర్క్‌డీకి అప్పగించి మూడేళ్లు దాటింది.

ఎందుకంటే, కౌంటర్ దగ్గర ఎవరో ఒకరు స్క్రీన్ మూలనున్న నెట్‌వర్క్ గుర్తు నొక్కి వైర్ కనెక్షన్ ఆఫ్ చేసేవారు. అంతే, ధర్మకాంటా దగ్గరి కంప్యూటర్‌కు సర్వర్ దొరకదు. బయట పత్తి బండ్లు ఆగిపోతాయి. ఇంటి నుంచి చూద్దామంటే నేను లోపలికి పోయే దారి కూడా అదే కేబుల్. కాజీపేటలో రైలెక్కి జమ్మికుంట పోవాల్సిందే. ఎప్పుడూ ఒకేచోట, ఒకే కేబుల్ మీద ఉండే మెషీన్‌కు వైఫైలు వెతికి, కనెక్షన్లు మార్చే సాఫ్ట్‌వేర్ అవసరం లేదనిపించింది.

2022లో బతుకమ్మకు ముందు, సీజన్ ఇంకా మొదలు కాకముందే, జమ్మికుంట మెషీన్‌లో రాత్రి తొమ్మిదింటికి ఆ పని చేశాను. సర్వీస్ ఆపాను. దూరం నుంచి మెషీన్‌లోకి పోయే నా ఎస్ఎస్‌హెచ్ సెషన్ తెగలేదు. నెట్‌వర్క్ మేనేజర్ ఆగినా, వైర్ ఇంటర్‌ఫేస్‌ను ఉన్నదున్నట్టే వదిలేస్తుంది. వైఫై అయితే అలా నిలవదు. అంతా బాగుందనుకుని ప్యాకేజీ తీసేసి పడుకున్నాను. మర్నాడు పదకొండింటికి మిల్లు నుంచి ఫోన్. "అన్నా, బిల్లు ఓపెన్ అయితలేదు, బండ్లు ఆగినయ్."

జరిగింది ఇది. రూటర్ ఇచ్చిన ఐపీ అడ్రస్‌కు 24 గంటల గడువు ఉంది. సగం గడువు దాటగానే రూటర్‌ను అడిగి దాన్ని పొడిగించేది నెట్‌వర్క్ మేనేజరే. అది లేదు, దాని స్థానంలో నేను ఇంకెవరినీ పెట్టలేదు. గడువు తీరగానే కెర్నల్ (లినక్స్ గుండెకాయ) ఆ అడ్రస్‌ను తీసేసింది. నెట్‌వర్క్ మేనేజర్‌ను తీసేసిన నిమిషంలో కనెక్షన్ బతికే ఉంటుంది, అసలు దెబ్బ కొన్ని గంటల తర్వాత పడుతుంది. ఈ సమీక్షలో ఒక్క మాటే గుర్తుపెట్టుకుంటానంటే ఈ మాట పెట్టుకోండి. 'ఐపీ అడ్రస్ షో' అని కొడితే అడ్రస్ కింద 'వ్యాలిడ్ ఎల్ఎఫ్‌టీ' అని మిగిలిన గడువు సెకన్లలో కనిపిస్తుంది. అక్కడ 'ఫరెవర్' లేకుండా అంకె తగ్గుతూ ఉందంటే, దాన్ని పొడిగించే వాళ్లు ఎవరో తేల్చుకోకుండా ముందుకు పోవద్దు.

నర్సంపేటకు వచ్చేసరికి వరస మార్చాను. ముందు ఉబుంటు నెట్ సెట్టింగులు ఉండే నెట్‌ప్లాన్ ఫైల్‌లో రెండరర్‌ను, అంటే ఆ సెట్టింగులను అమలు చేసే సాఫ్ట్‌వేర్‌ను, నెట్‌వర్క్‌డీగా రాసి, కనెక్షన్ తెగినా ఆగకుండా నడిచే టీమక్స్ సెషన్‌లో 'నెట్‌ప్లాన్ ట్రై' నడిపాను. ఇది నాకు బాగా నచ్చిన సౌకర్యం. 120 సెకన్లలో మనం ఎంటర్ కొట్టకపోతే పాత సెట్టింగులే వెనక్కి వస్తాయి. కనెక్షన్ తెగినా, దూరాన ఉన్న మెషీన్ మన చేయి దాటిపోదు.

అయినా ఒక చిక్కు వచ్చింది. నా సెషన్ వైర్‌గార్డ్ టన్నెల్ (వీపీఎన్) లోపల ఉండటంతో అది తెగలేదు, నేను ఎంటర్ కొట్టేశాను. కాని సర్వర్ ఐపీ మారిపోయింది. నెట్‌వర్క్‌డీ మామూలుగా రూటర్‌కు తన గుర్తింపుగా నెట్‌వర్క్ కార్డు నంబరైన మ్యాక్ అడ్రస్ కాకుండా డీయూఐడీ అనే వేరే నంబర్ చెబుతుంది. రూటర్ దాన్ని కొత్త మెషీన్ అనుకుని కొత్త అడ్రస్ ఇచ్చింది. ధర్మకాంటా కంప్యూటర్ మాత్రం పాత అడ్రస్‌నే వెతుకుతోంది. నెట్‌ప్లాన్‌లో 'డీహెచ్‌సీపీ-ఐడెంటిఫయర్: మ్యాక్' అని ఒక్క లైను రాస్తే పాత అడ్రసే వచ్చింది. తర్వాత రెండు మిల్లుల్లోనూ అడ్రస్‌ను స్టాటిక్ (ఎప్పుడూ మారనిది) చేసేశాను. సర్వర్‌కు అదే మేలు.

రీబూట్ చేస్తే ఇంకో టెన్షన్. మెషీన్ లేవడానికి రెండు నిమిషాలు ఎక్కువ పట్టింది. కేబుల్ పెట్టని రెండో నెట్‌వర్క్ కార్డు కోసం 'వెయిట్-ఆన్‌లైన్' సర్వీస్ ఎదురుచూస్తోంది. ఆ కార్డుకు 'ఆప్షనల్: ట్రూ' అని రాస్తే సరిపోయింది. మీ టన్నెల్ నెట్‌వర్క్ మేనేజర్ లోపల కనెక్షన్‌గా పెట్టి ఉంటే, దాన్ని ముందే వైర్‌గార్డ్‌ను సొంతంగా లేపే డబ్ల్యుజీ-క్విక్ సర్వీస్‌లోకి మార్చుకోండి. లేకపోతే రీబూట్ తర్వాత దాన్ని లేపే వాళ్లుండరు.

ప్యాకేజీ తీసేముందు, ప్యాకేజీలు పెట్టి తీసే 'యాప్ట్' కమాండ్‌కు 'మైనస్ ఎస్' తగిలించి ఉత్తుత్తిగా నడిపి చూడాలి. దానితో పాటు ఇంకా ఏవేం పోతాయో జాబితా వస్తుంది. నాకు అందులో డెస్క్‌టాప్ ప్యాకేజీలన్నిటినీ ఒక కట్టగా పట్టి ఉంచే ఉబుంటు డెస్క్‌టాప్ మెటాప్యాకేజీ కనిపించింది. తర్వాత, ఇక అక్కర్లేని ప్యాకేజీలు తీసే ఆటోరిమూవ్ కొట్టేటప్పుడు కూడా ఆ జాబితా చదవాలి, వైఫైకి కావలసిన డబ్ల్యుపీఏ సప్లికెంట్ అందులో ఉంటే వైఫై మీద నడిచే మెషీన్ మూగబోతుంది. నెట్ పోయాక దాన్ని మళ్లీ డౌన్‌లోడ్ చేసుకోవడానికి నెట్టే ఉండదు కదా.

మూడేళ్ల వాడకంలో నెట్‌వర్క్‌డీ మీద నాకు ఫిర్యాదు లేదు. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ మెషీన్ తనంతట తాను లైన్లోకి వచ్చింది. కౌంటర్ దగ్గర నొక్కడానికి గుర్తే లేదు. ఒక్క లోటు ఏమిటంటే, రూటర్ మార్చినప్పుడు ఫోన్‌లో చెప్పి చేయించడం కష్టం. మునుపైతే "తమ్మీ, అక్కడ నొక్కు" అంటే అయిపోయేది, ఇప్పుడు ఫైల్ మార్చాలి.

నా ల్యాప్‌టాప్‌లో మాత్రం నెట్‌వర్క్ మేనేజర్ అలాగే ఉంచాను. ఇంటి వైఫై, ఫోన్ హాట్‌స్పాట్, మిల్లు వైఫై మధ్య రోజంతా తిరిగే మెషీన్‌కు దాన్ని మించింది నేను చూడలేదు. నర్సంపేటలో కూడా ప్యాకేజీ ఇంకా పూర్తిగా తీయలేదు, సర్వీస్‌ను మాస్క్ చేసి (మళ్లీ లేవకుండా కట్టేసి) ఉంచాను. పత్తి సీజన్ అయ్యాక, నేను అక్కడ మెషీన్ ముందు కూర్చున్న రోజున తీస్తాను.